దొరబాబు లోపలికి రాకూడదు

దొరబాబుకు కూర్చోవడం చేతకాదు.

బస్సు తోలేటప్పుడు కూర్చుంటాడు. అది వేరు. అక్కడ కాళ్లకు పని ఉంటుంది. సింగపూర్ పడమటి కొసన బూన్ లే నుంచి తువాస్ ఓడల యార్డుకు కూలీలను చేరవేసే కంపెనీ బస్సు అతనిది. ఆ సీటు దిగాక మరే కుర్చీ అతన్ని పట్టి ఉంచలేదు. టీవీలో వార్తలు నిలబడి చూస్తాడు. అన్నం సగం తిని, కంచం చేత పట్టుకుని కారిడార్లోకి పోతాడు. మిగతా సగం అక్కడ, అటూ ఇటూ తిరుగుతూ. పెళ్లి పీటల మీద కూడా మోకాలు ఊపుతూనే ఉన్నాడని భార్య రాజమ్మ ఇప్పటికీ చెబుతుంది. కాలు కాలిన పిల్లి అని ఆమె అతనికి పెట్టిన పేరు. పక్క ఫ్లాటు మలయ్ ముసలమ్మకు తెలుగు రాదు గానీ ఆ ఒక్క మాట వచ్చు.

అతని తాత భీమిలి దగ్గరి పల్లె వదిలి, ఓడెక్కి మలయా రబ్బరు తోటలకు వచ్చాడు. తండ్రి తోట వదిలి సింగపూర్ చేరి, సెంబవాంగ్‌లో తెల్లవాళ్ల నౌకా స్థావరంలో కూలి పని చేశాడు. ఇప్పుడు యీషున్ ఫ్లాట్లు లేచిన వైపే, రేకుల ఇళ్ల మధ్య దొరబాబు పుట్టాడు. చదువు అంతంత మాత్రం. చేపల మార్కెట్లో పెట్టెలు మోశాడు. కాంక్రీటు లారీ తోలాడు. ఒకసారి వాచ్‌మన్ ఉద్యోగం దొరికింది. నీడపట్టున పని, నీ రాత బాగుందన్నారు అందరూ. వారం తిరక్కుండా మానేసి వచ్చాడు. కుర్చీ ఇచ్చి కూర్చోమన్నారు. అతని ఫిర్యాదు అంతే.

లేక లేక పుట్టిన కూతురు సరయు. తండ్రి పోలిక ఒక్కటీ రాలేదనుకున్నారు. ఒక మూల కూర్చుందంటే కూర్చున్నట్టే. సోఫాలో కాళ్లు ముడుచుకుని పుస్తకం తెరిస్తే, ఇంట్లో పిల్ల ఉన్న సంగతే మరిచిపోవచ్చు.

శనివారాల్లో దొరబాబు స్కూలు పిల్లలను జురాంగ్ ఈస్ట్‌లో ఉన్న ఐస్ రింక్‌కు తీసుకెళ్లేవాడు. అది ఒక షాపింగ్ సెంటర్ పై అంతస్తులో ఉంది. బయట ఎండ మాడుతుంటే లోపల గడ్డకట్టిన నేల. సరయును కూడా బస్సెక్కించుకుని పోయేవాడు. పిల్లలు జారుతున్నంత సేపూ అతను కింద బస్సు చుట్టూ తిరిగేవాడు. పైన ఏం జరుగుతోందో ఎప్పుడూ చూడలేదు. ఒక రోజు పిల్ల తనకంటే పెద్ద సంచీ ఈడ్చుకుంటూ మెట్లు దిగింది.

"ఏటమ్మా ఇది?"

"ప్యాడ్స్, అప్పా. ఐ యామ్ గోలీ నౌ."

హాకీ అంటే పచ్చిక మీద ఆడేదే దొరబాబుకు తెలుసు. ఇది మంచు మీద ఆడే హాకీ. బంతి ఉండదు. నల్లటి రబ్బరు బిళ్ల ఉంటుంది. పక్ అంటారు. అది రాయిలా వస్తుంది. దాన్ని ఒంటితో ఆపే మనిషి గోలీ. ఆ రింక్‌లో పెద్దవాళ్లూ కుర్రాళ్లూ కలిసి ఆడే ఒక జట్టులో ఎవరూ ఆ పనికి ఒప్పుకోలేదట. అందరికంటే ఆలస్యంగా చేరిన సరయుకు అంటగట్టారు. ఆమె కాదనలేదు.

జట్టు పేరు హార్న్‌బిల్స్. ఊళ్లో ఉన్న ఆరు జట్లలో ఎప్పుడూ ఆరోది. కోచ్ మాటీ ఫిన్లాండ్ మనిషి, టెలిఫోన్ కంపెనీ ఇంజినీరు. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆడేవాళ్లలో కొందరు కెనడావాళ్లు, కొందరు ఇక్కడి చైనీస్ కుర్రాళ్లు. గోల్లో మాత్రం బూన్ లే నుంచి వచ్చిన తెలుగు పిల్ల.

అది తొంభై తొమ్మిదో సంవత్సరం. ఆంధ్రా నుంచి ప్రోగ్రామర్లు విమానాలు నిండి వస్తున్నారు. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకమంతా భయపడుతోంది. ఆ భయం వీళ్లకు అన్నం పెడుతోంది. తెలుగువాళ్ల ఉగాది సభకు కుర్చీలు మోసుకొచ్చే బస్సు దొరబాబుదే. అక్కడే జగన్మోహనరావు పరిచయమయ్యాడు. గుంటూరు వాడు, ముప్పై దాటలేదు. పేరు చివర డాట్ కామ్ ఉన్న ఒక కంపెనీలో ప్రచారం పని చూస్తాడు. దొరబాబు మాట విని మొదట నవ్వాడు.

"మీ తెలుగు మా తాతల నాటిది అంకుల్. ఎక్కడ దాచారు ఇన్నాళ్లూ?"

"దాసడానికేటుంది బాబూ. మీరు మార్సేసుకున్నారు, మాకు కబురు సెప్పలేదు."

జగన్మోహనరావు మళ్లీ నవ్వాడు. ఈసారి వేరే నవ్వు. సరయు సంగతి తెలిశాక అతని కళ్లు మెరిశాయి. కంపెనీ పేరు దేని మీదైనా అచ్చేయించాలని పైవాళ్లు పోరుతున్నారు. ఫుట్‌బాల్ అందేది కాదు. క్రికెట్ ముందే ఎవరో పట్టుకుపోయారు. నెల తిరిగేసరికి హార్న్‌బిల్స్ చొక్కాల మీద డాట్ కామ్ పేరు పడింది. మ్యాచ్ రోజున ఆఫీసు మొత్తం బెంచీల మీదికి దిగింది. ఐస్ హాకీ నియమాలు ఒక్కరికీ తెలియవు. కేకలు మాత్రం వచ్చు.

మొదటి మ్యాచ్‌కు దొరబాబు కూడా వెళ్లాడు. రాజమ్మ పక్కన కూర్చోబోయి, కూర్చోలేక, రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాడు. అంత దూరంలో పిల్ల చిన్న పరుపుల మూటలా ఉంది. ఎదుటివాళ్లు వచ్చారు. బిళ్ల కొట్టారు. లోపలికి పోయింది. ఊపిరి తీసుకునేలోగా మళ్లీ వచ్చారు. మళ్లీ పోయింది. మాస్కు వెనక పిల్ల ముఖం ఎలా ఉందో కనబడలేదు. దొరబాబు రెయిలింగ్ వదిలేశాడు. తలుపు తోసుకుని బయటికి పోయాడు.

అతను కింద కారు పార్కులో తిరుగుతుండగా హార్న్‌బిల్స్ మూడు గోల్స్ కొట్టింది. ఎదుటివాళ్లు ఇంకొకటి కొట్టలేకపోయారు.

తరువాతి మ్యాచ్‌లో జట్టు వెనకబడింది. జగన్మోహనరావు వెనక్కి తిరిగి నవ్వుతూ అన్నాడు.

"అంకుల్, పోయినసారిలా కాస్త బయటికెళ్లి కాఫీ తాగి రాకూడదూ?"

అతను వెళ్లాడు. జట్టు గెలిచింది.

ఆ తరువాత అది నవ్వులాటగా మిగల్లేదు. క్రికెట్ చూస్తూ పెరిగిన వాళ్లకు ఈ లెక్క చెప్పనక్కర్లేదు. వికెట్ పడకుండా ఉండటానికి ఒకరు వంటింట్లో నిలబడతారు, ఒకరు కాలు మీద కాలు తీయకుండా సాయంత్రం దాకా ఉంటారు. కృష్ణప్రసాద్ అని ఒక ప్రోగ్రామర్ ఉండేవాడు. వాళ్ల ఇంట్లో మ్యాచ్ ఉన్న రోజు బాబాయిని డాబా మీదికి పంపి తలుపేసేవాళ్లట.

"వాన పడ్డా దించలేదు అంకుల్. గొడుగిచ్చాం."

"జలుబు సేసిందా?"

"చేసింది. కానీ కప్పు వచ్చింది."

పగలంతా యంత్రాలకు తర్కం రాసే మనుషులు వాళ్లు. సాయంత్రం రింక్ తలుపు దగ్గర దొరబాబుకు చేతులు జోడించేవాళ్లు. అంకుల్ లోపలికి రాకూడదు. అది నియమమైంది. అతనికీ ఒక జట్టు చొక్కా కుట్టించారు. వెనకాల సున్నా అంకె. ఆ చొక్కా తొడుక్కుని అతను షాపింగ్ సెంటర్ చుట్టూ తిరిగేవాడు. సినిమా హాలు ముందు నుంచి, బర్గర్ల కొట్టు పక్క నుంచి, మెట్లెక్కి రింక్ తలుపు దాకా, మళ్లీ కిందికి. తలుపు సందులోంచి చల్లగాలి కాళ్లకు తగిలేది. చెక్క గోడకు బిళ్ల తగిలిన చప్పుడు వినబడేది. విరామంలో కృష్ణప్రసాద్ వచ్చి స్కోరు చెప్పేవాడు. "సూపర్ అంకుల్, అలాగే తిరగండి" అని వెన్ను తట్టి పోయేవాడు.

దొరబాబుకు మొదట్లో బాగానే ఉంది. బతుకంతా తిట్టు తిన్న తిరుగుడు ఇప్పుడు పనికొచ్చింది. బస్సులో ఎక్కే తమిళ కూలీలకు, బంగ్లాదేశ్ కుర్రాళ్లకు కూడా చెప్పాడు. నేనూ జట్టులోనే ఉన్నాను, నేను తిరిగితేనే వాళ్లు గెలుస్తారు. వాళ్లు తల ఊపారు. అర్థమైందో లేదో.

గెలుస్తూనే పోయారు. రెండు వేలు వచ్చింది. కంప్యూటర్లు ఆగలేదు. హార్న్‌బిల్స్ కూడా ఆగలేదు. పేపర్లో ఒక మూల జట్టు ఫొటో పడింది. ఆ రాత్రి రాజమ్మ చేపల పులుసు వడ్డిస్తూ అంది.

"నువ్వు బయటుంటే గెలుత్తారంటన్నారు. మంచిదే."

"మంచిదే గదా మరి."

"లోనకొత్తే ఓడిపోతారనేగా దానర్థం. నీ పాదం మంచిది గాదని మొకం మీద సెప్పలేక సొక్కా కుట్టించారు."

కంచం పట్టుకుని లేచాడు. కారిడార్లో నిలబడ్డాడు. అన్నం చల్లారిపోయింది.

రెండూ ఒకటే మాట. మొదటిది తియ్యగా ఉంది, అంతే తేడా. అతనికి తన పెద్దమ్మ గుర్తొచ్చింది. మొగుడు పోయాక పెళ్లిళ్లకు వచ్చేది. వంటశాలలోనే ఉండిపోయేది. పొమ్మని ఎవరూ అనేవాళ్లు కాదు. తాళి కట్టే వేళకు రమ్మని కూడా ఎవరూ పిలిచేవాళ్లు కాదు. బాజాలు వినబడగానే గరిటె పక్కన పెట్టి, గోడ వైపు చూస్తూ అక్షింతలు చల్లేది. చిన్నప్పుడు అది చూసి నవ్వాడు.

ఆ తరువాత కూడా మ్యాచ్‌లకు వెళ్లాడు. చొక్కా వేసుకోలేదు. బస్సు డ్రైవర్ యూనిఫాంతోనే తిరిగాడు. జగన్మోహనరావు గమనించలేదు. తలుపు బయట ఉన్నాడా లేదా, అదే చూసుకునేవాడు.

ఏప్రిల్‌లో డాట్ కామ్‌ల మాట మారిపోయింది. అమెరికాలో షేర్లు కూలాయి. ఆఫీసులో ఒక్కొక్క బల్లా ఖాళీ అవుతోందని కృష్ణప్రసాద్ చెప్పాడు. మాటీని కంపెనీ వెనక్కి పిలిపించుకుంది. కెనడావాళ్లు ఇద్దరు సామాన్లు కట్టుకున్నారు. వచ్చే ఏడు హార్న్‌బిల్స్ ఉండవని అందరికీ తెలిసిపోయింది. ఈలోగా జట్టు ఫైనల్ చేరింది. ఎదుట బ్యాంకుల్లో పనిచేసే తెల్లవాళ్ల జట్టు. ఏటేటా వాళ్లదే కప్పు.

ఫైనల్ ముందు రోజు సాయంత్రం సరయు కారిడార్లో ప్యాడ్లు ఆరబెట్టుకుంటోంది. బట్టలారేసే వెదురు కర్రలకు వాటిని తగిలించింది. చెమట వాసన బ్లాకంతా కొడుతోంది. పక్కింటి ముసలమ్మ ముక్కు మూసుకుని, అయినా నవ్వి, తలుపేసుకుంది. దొరబాబు అటు చివర నుంచి ఇటు చివరకు తిరుగుతున్నాడు.

"అప్పా, టుమారో నువ్ కమింగ్ ఆర్ నాట్?"

"వత్తాను. కిందే ఉంటాను గదా."

"ఇన్‌సైడ్."

అతను ఆగాడు. "గెలవొద్దేటమ్మా?"

సరయు కర్ర సర్దడం ఆపలేదు. "యు నో వాట్ యు సా, అప్పా? టూ గోల్స్. ఓన్లీ దట్. నేను మిస్ చేసింది టూ టైమ్స్ చూశావ్, దెన్ యు వాకౌట్. ఒక్కటి కూడా స్టాప్ చేసింది చూడలేదు. నాట్ ఈవెన్ వన్ లా."

"నేనుంటే..."

"స్టాప్ చేసేది నేను. నువ్వు కాదు." ఇప్పుడు తండ్రి వైపు తిరిగింది. "టుమారో లాస్ట్. ఆఫ్టర్ దట్ నో మోర్."

 ఆ రాత్రి నిద్రలో కూడా అతని కాళ్లు కదులుతూనే ఉన్నాయని పొద్దున్న రాజమ్మ చెప్పింది.

ఆదివారం మధ్యాహ్నం. బెంచీలు నిండాయి. రాజమ్మ స్వెట్టర్ తొడుక్కుని లోపలికి పోయింది. సరయు సంచీ మోసుకుంటూ తండ్రి ముందు నుంచే నడిచింది. అడగలేదు. అడగాల్సింది నిన్ననే అడిగేసింది. తలుపు మూసుకుంది.

అతను తిరగడం మొదలుపెట్టాడు. సినిమా హాలు ముందు టికెట్ల కోసం వరుస కట్టారు. పిల్లలు ఐస్‌క్రీంలు తింటున్నారు. ఎవరికీ పైన ఏం జరుగుతోందో పట్టలేదు. మెట్లెక్కాడు, దిగాడు. కాళ్లు తమ పని తాము చేసుకుపోతున్నాయి. ఎన్నడూ లేనిది, ఆ నడకే అతనికి విసుగ్గా ఉంది.

రెండో విరామంలో జగన్మోహనరావు బయటికి వచ్చాడు. ఎప్పుడూ కృష్ణప్రసాదే వచ్చేవాడు. జగన్మోహనరావు టై వదులై ఉంది. అతను కూడా అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాడు. ఇద్దరూ ఎదురెదురుగా కాసేపు అలాగే తిరిగారు.

"మూడు రెండు అంకుల్. మనదే పైచేయి."

"అమ్మాయి?"

"బాగా ఆపుతోంది. చాలా బాగా." ఆగాడు. "రేపు ఆఫీసు తాళం తీస్తారో లేదో తెలీదంకుల్. మావాళ్లందరినీ నేనే పిలిపించాను. ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకోలేకపోతున్నాం. ఇదొక్కటి గెలిస్తే... ఏం వస్తుందని అడక్కండి. ఏమీ రాదు. అయినా ఇదొక్కటి." దొరబాబు చేతులు పట్టుకున్నాడు. పట్టుకున్న వేళ్లు మంచులా ఉన్నాయి. "మీరు మాత్రం లోపలికి రావొద్దు. ప్లీజ్. లాజిక్ అడక్కండి."

ఆ కుర్రాడి కళ్లలో నీళ్లున్నాయి. దొరబాబు తల ఊపాడు. రానని చెప్పాడో, విన్నానని చెప్పాడో అతనికే తెలియలేదు. జగన్మోహనరావు కళ్లు తుడుచుకుని లోపలికి పోయాడు.

మూడో భాగం, ఆఖరిది, మొదలైంది. దొరబాబు మెట్ల దగ్గరికి పోలేదు. తలుపు ముందే ఉన్నాడు. లోపల స్కేట్లు మంచును గీస్తున్న చప్పుడు. చెక్క గోడ మీద ఒక దెబ్బ. ఒక్కసారిగా పెద్ద కేక లేచింది. ఇల్లు కూలినట్టు.

గోల్ పడిందా? సరయు ఆపిందా?

కృష్ణప్రసాద్ వస్తాడని చూశాడు. రాలేదు. మళ్లీ కేక. అదీ అలాగే ఉంది. ఏడాదంతా ఈ తలుపు బయట ఉండి, చప్పుళ్లు విని లోపల జరిగేది తెలుసుకుంటున్నాననుకున్నాడు. ఏమీ తెలియలేదు. పిల్ల ఆపినా ఇదే కేక. పిల్ల ఓడినా ఇదే కేక. ఇక్కడ నిలబడితే రెండింటికీ తేడా లేదు.

తలుపు పిడి చల్లగా ఉంది. తోశాడు.

పొట్టి చేతుల చొక్కాలోకి చలి దూరింది. కళ్లు తెల్లటి వెలుతురుకు అలవాటు పడ్డాక రాజమ్మను వెతికాడు. మూడో వరుసలో ఉంది. ఆమె పక్కన ఖాళీ. ఆ ఖాళీ మీద ఒక టిష్యూ ప్యాకెట్. హాకర్ సెంటర్ తిండి కొట్ల దగ్గర బల్ల తమదేనని చోప్ చేసుకోవడానికి పెట్టినట్టు పెట్టింది. అంత రద్దీలోనూ ఎవరూ దాన్ని తీసి కూర్చోలేదు. ఈ ఊళ్లో ఎవరూ తీయరు.

"ప్రతిసారీ పెడతన్నాను" అంది రాజమ్మ, అతని వైపు చూడకుండానే. ప్యాకెట్ తీసి సంచిలో వేసుకుంది.

అతను కూర్చున్నాడు. కూర్చుని నాలుగు ఊపిర్లు తీశాడో లేదో, బ్యాంకు జట్టువాడు మూల నుంచి దూసుకొచ్చాడు. ముగ్గురు గుమిగూడారు. కర్రలు తగులుకున్నాయి. బిళ్ల ఎవరి కాలికో తగిలి, దారి మార్చుకుని, సరయు మోచేతి కింద నుంచి లోపలికి పోయింది.

మూడు మూడు.

 ఎవరో వెనక్కి తిరిగారు. మరొకరు తిరిగారు. ఆఫీసు మొత్తం దొరబాబును చూసింది. జగన్మోహనరావు లేచి నిలబడ్డాడు. గట్టిగా అరవలేదు. 

"అంకుల్... చెప్పాను కదా అంకుల్."

 దొరబాబు లేచాడు. తన పాదం సంగతి తనకు ఇప్పుడు రూఢిగా తెలిసింది. వరుసలోంచి బయటపడటానికి మోకాళ్లు పక్కకు తిప్పాడు.

కింద మంచు మీద టక్కుమని చప్పుడైంది. సరయు కర్రతో గోల్ స్తంభాన్ని కొట్టింది. మాస్కు పైకెత్తింది. ముఖం చెమటతో, కోపంతో ఎర్రగా ఉంది. కర్ర చివరతో తండ్రిని చూపించింది.

"సిట్ డౌన్ లా, అప్పా! ఎక్కడికి వెళ్తున్నావ్?"

రింక్ అంతా విన్నది. రెఫరీ కూడా అటు తిరిగాడు. మాటీ, ఆ ఏడాదిలో ఎవరూ చూడని విధంగా, నవ్వాడు. రాజమ్మ మొగుడి చొక్కా అంచు పట్టి కిందికి లాగింది.

దొరబాబు కూర్చున్నాడు.

మూడు మూడు మీదే సమయం అయిపోయింది. ఇక అదనపు ఆటలో ఎవరు ముందు గోల్ కొడితే వాళ్లదే కప్పు. దొరబాబు చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాడు. మోకాలు లేవబోతే అదిమాడు. ఇంత కష్టమైన పని కాంక్రీటు లారీతో కూడా చేయలేదు. వీపు మీద అందరి చూపులూ ఉన్నాయి. లేచి పోతే అందరూ ఊరట పడతారు, ఒక్కరు తప్ప.

ఆ ఒక్కరినే చూడటం మొదలుపెట్టాడు.

బిళ్ల అవతలి చివర ఉన్నప్పుడు కూడా ఆమెను చూశాడు. ఆమె ఊరికే నిలబడలేదు. కర్రతో ఎడమ స్తంభం తట్టింది. కుడి స్తంభం తట్టింది. స్కేటుతో ముందున్న మంచు గీకింది. ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చింది. మళ్లీ ఎడమ స్తంభం. మెడ తిప్పింది. మళ్లీ గీకింది. ఒక్క క్షణం కుదురు లేదు. సోఫాలో రాయిలా కూర్చునే పిల్ల ఈమేనా? ఇదంతా ఎక్కడ పెట్టుకుంది ఇన్నాళ్లూ?   

"దీనికీ కాలు కాలినట్టుంది" అన్నాడు మెల్లగా.

"నీకిప్పుడు తెలిసిందా?" అంది రాజమ్మ.

బ్యాంకు జట్టులో పొడుగాటివాడు ఒంటరిగా వచ్చాడు. అడ్డం ఎవరూ లేరు. కెనడావాడు వెనకబడిపోయాడు.  దొరబాబు కళ్లు మూసుకోబోయాడు. మూసుకోలేదు.

సరయు గోల్ వదిలి ముందుకు వచ్చింది. వాడు ఎడమకు వంగాడు. ఆమె కదల్లేదు. వాడు బిళ్లను కుడికి మళ్లించాడు. అప్పుడు ఆమె ఒక్కసారిగా నేల మీదికి జారింది. ఒక కాలు మడిచింది. రెండో కాలు మంచు మీద పొడవుగా, ఇక సాగదనుకున్నంత దాకా సాగింది. బిళ్ల ఆ కాలి చివర ప్యాడ్‌కు తగిలి, మెత్తటి చప్పుడు చేసి, పక్కకు పోయింది.

కేక లేచింది. తలుపు బయట విన్న కేకే అది. ఇప్పుడు అది ఏమిటో అతనికి తెలుసు.

సరయు లేచి, మళ్లీ ఎడమ స్తంభం తట్టింది. మళ్లీ కుడి స్తంభం. ఏమీ జరగనట్టు. దొరబాబు ఆమె నుంచి చూపు తిప్పలేదు. అందువల్ల, చుట్టూ ఉన్నవాళ్లంతా గాల్లోకి లేచినప్పుడు ఎందుకు లేచారో అతనికి అర్థం కాలేదు. అవతలి చివర హార్న్‌బిల్స్ గోల్ కొట్టింది. కప్పు తెచ్చిన గోల్ అది. దొరబాబు దాన్ని చూడలేదు. సరయు చేతి తొడుగులు గాల్లోకి విసిరేసి, మాస్కు ఊడదీసి, బరువైన ప్యాడ్లతో బాతులా పరుగెత్తడం చూశాడు.

జగన్మోహనరావు వరుసలు దాటుకుని వచ్చి అతని మీద పడ్డాడు. ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు.

"అంకుల్! ఆ సీటు! ఆ సీట్లో కదలకుండా కూర్చున్నారు చూడండి, అదీ! ముందే ఇక్కడ కూర్చోబెట్టాల్సింది మిమ్మల్ని!"

"కాదు సార్" అన్నాడు కృష్ణప్రసాద్ వెనక నుంచి. "ఓవర్‌టైమ్ మొత్తం నేను వేళ్లు మడిచే ఉంచాను. చూడండి, ఇంకా తెరుచుకోవట్లేదు."

దొరబాబు వాళ్లిద్దరినీ చూశాడు. రేపు వీళ్లకు ఆఫీసు ఉండకపోవచ్చు. ఈ సాయంత్రం వాళ్లది.

"నా పిల్ల ఆపిందయ్యా" అన్నాడు. ఆ హోరులో వాళ్లకు వినబడలేదు. అతను మళ్లీ చెప్పలేదు.

కప్పు చేతులు మారింది. ఫొటోలు తీశారు. చీకటి పడకముందే కింద కారు పార్కుకు వచ్చారు. వేడిగాలి మొహాన కొట్టింది. దొరబాబు సంచీ మోస్తున్నాడు. అది ఇంత బరువని అతనికి ఇప్పటిదాకా తెలియదు. సరయు జుట్టు తడిగా ఉంది.  బస్సు దగ్గరికి వచ్చాక అడిగింది.

"సా ఆర్ నాట్?"

"సూశాను."

"విచ్ వన్?"

"ఆ పొడుగోడు ఒక్కడూ వచ్చాడు సూడు, అది."

"హౌ?" ఆమె నమ్మలేదు. "షో మీ."

దొరబాబు సంచీ కింద పెట్టాడు. చుట్టూ చూశాడు. కార్ల మధ్య ఖాళీలో నిలబడి, ప్యాంటు మోకాళ్ల దగ్గర పైకి లాక్కుని, ఒక కాలు మడిచి రెండోది పక్కకు సాచాడు. సిమెంటు మీద చెప్పు కీచుమంది.

"అయ్యో దేవుడా, లేపడం నా వల్ల కాదు" అంది రాజమ్మ.

"రాంగ్ లెగ్, అప్పా" అంది సరయు. "అది కుడి కాలు. నాది లెఫ్ట్."

అతను బస్సు చక్రం పట్టుకుని లేచాడు. కాలు మార్చాడు. ఎడమ కాలు సాచి మళ్లీ దిగాడు.

సరయు దగ్గరికి వచ్చి వంగి చూసింది. సంచీలోంచి తన స్కేటు బూటు తీసి అతని పాదం పక్కన నేల మీద పెట్టి, ఎంత దాకా రావాలో చూపించింది.

"ఇంకా కిందికి."

అతను ఇంకా కిందికి వెళ్లాడు.